బైట్ల నుంచి తిరుగుదారి

ఒక ఫైలులో నాలుగు బైట్లు వరసగా ఉన్నాయనుకుందాం: 63, 128, 0, 0. ఇది ఏ సంఖ్య? ఇవాళ దాదాపు అన్ని కంప్యూటర్లూ దశాంశ సంఖ్యలకు వాడే ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో, పెద్ద స్థానపు బైటు ముందు ఉందనుకుని చదివితే సరిగ్గా 1 వస్తుంది. అదే క్రమంలో పూర్ణాంకంగా చదివితే 1,06,53,53,216. చిన్న స్థానపు బైటు ముందుందనుకుని పూర్ణాంకంగా చదివితే 32,831. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్ 360 దీన్ని దశాంశ సంఖ్యగా తీసుకుంటే 0.03125 అంటుంది. 1977లో వచ్చిన వ్యాక్స్ యంత్రం అసలు దీన్ని దశాంశ సంఖ్యగా ఒప్పుకోదు. దాని నియమాల్లో ఇది నిషిద్ధమైన రూపం, లెక్కలోకి తీసుకోగానే యంత్రం ఆ లెక్కను ఆపేస్తుంది. ఇన్ని జవాబుల్లో ఏదీ తప్పు కాదు. ప్రతి యంత్రమూ తన పద్ధతి ప్రకారం నిక్కచ్చిగానే చదివింది. ఏ పద్ధతిలో చదవాలో చెప్పే సమాచారం మాత్రం ఆ నాలుగు బైట్లలో ఎక్కడా లేదు.

సంఖ్యల వరసను, అంటే ప్రోగ్రామర్లు అరే అని పిలిచేదాన్ని, ముడి బైట్లుగా మార్చడం కంప్యూటర్ చేసే పనుల్లో చాలా తేలికైనది. నిజానికి అక్కడ మార్చేదేమీ ఉండదు. మెమరీలో సంఖ్యలు మొదటి నుంచీ బైట్లుగానే ఉంటాయి. వాటిని ఉన్నవున్నట్టు టేపు మీదికో, ఫైలులోకో, నెట్‌వర్క్ తీగలోకో పంపేస్తే సరిపోతుంది. కష్టమంతా తిరిగి రావడంలోనే. ఒక్కో సంఖ్యకు ఎన్ని బైట్లు, అది పూర్ణాంకమా దశాంశమా, బైట్లు ఏ వరసలో ఉన్నాయి, అడ్డు వరసలెన్ని నిలువు వరసలెన్ని అన్నవి పంపేటప్పుడు వెనకే ఉండిపోతాయి. వాటిని ఎవరు మోశారు అన్న ప్రశ్నతో ఈ అరవై ఏళ్ళ చరిత్రను చదవాలని నా వాదన. మొదట్లో ఆ భారం యంత్రం మీద ఉండేది. తర్వాత ప్రోగ్రామర్ల జ్ఞాపకం మీద పడింది. కాలానికి నిలిచిన పద్ధతులు మాత్రం ఆ వివరాన్ని బైట్ల పక్కనే, యంత్రంతో నిమిత్తం లేకుండా, వీలైనచోట మనిషి కంటికి అందే అక్షరాల్లో రాసిపెట్టాయి. యంత్రాలన్నీ ఒకే దారికి వచ్చాయి కాబట్టి ఆ అవసరం తీరిపోయిందని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. ఆ నమ్మకం ఎందుకు తప్పో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1956లో ఐబీఎం స్ట్రెచ్ అనే యంత్రాన్ని రూపొందిస్తున్నప్పుడు వెర్నర్ బుక్‌హోల్ట్స్ బైటు అన్న పేరు పెట్టాడు. అప్పట్లో బైటు అంటే ఇన్ని బిట్లని స్థిరమైన లెక్క లేదు. ఐబీఎం 704లో ఒక వర్డుకు, అంటే యంత్రం ఒకేసారి తీసుకునే బిట్ల కట్టకు, 36 బిట్లు. సేమర్ క్రే రూపొందించిన సీడీసీ 6600లో 60 బిట్లు, అందులో ఒక్కో అక్షరానికి 6 బిట్లు. సిస్టమ్ 360 వచ్చి 8 బిట్ల బైటును స్థిరపరిచింది గానీ, మిగతా యంత్రాలు ఇంకో ఇరవై ఏళ్ళు తమ దారిన తాము నడిచాయి. అలాంటి రోజుల్లో ఒక కేంద్రంలో రాసిన టేపు ఇంకో కేంద్రానికి వెళ్తే, అవతలి ప్రోగ్రామరుకు ముందు కావలసింది టేపు రాసిన యంత్రం పేరు. ఆ పేరు తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే. యంత్రమే వివరం. టేపు డబ్బా మీద అంటించిన చీటీ ఊడిపోతే మాత్రం సంఖ్యలు కూడా పోయినట్టే లెక్క.

బైట్ల వరస గొడవకు మూలాలు ఇంకా చిత్రమైనవి. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో కంప్యూటర్ టెర్మినల్ కార్పొరేషన్ అనే సంస్థ 1970లో డేటాపాయింట్ 2200 అనే బల్ల మీద పెట్టుకునే యంత్రాన్ని ప్రకటించింది. అది ఒక్కో బిట్టునూ వరసగా లోపలికి తీసుకుని లెక్క చేసేది. కూడికలో మనం ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి వందల వైపు వెళ్తూ మిగులు మోసుకుపోయినట్టే దానికీ చిన్న స్థానం ముందు అందాలి. అందుకే చిన్న బైటును ముందు పెట్టారు. దాని ప్రాసెసర్‌ను ఒకే చిప్ మీదికి ఎక్కించే పని ఇంటెల్‌కు అప్పజెప్పారు. అలా పుట్టిన 8008 చిప్ 1972లో బయటికి వచ్చింది. అది బిట్లను ఒకటొకటిగా కాక ఎనిమిదింటినీ ఒకేసారి తీసుకునేది, కాబట్టి పాత వరసతో దానికి పని లేదు. అయినా ఆ ఆదేశాల పట్టికను అలాగే ఉంచుకుంది. 8008 నుంచి 8080, అక్కణ్ణుంచి 1978లో 8086, ఆ వంశం నుంచే ఇవాళ్టి ల్యాప్‌టాపులూ సర్వర్లూ. కారణం మొదటి తరంలోనే తీరిపోయింది, వరస మాత్రం మిగిలిపోయింది. ఇటు ఐబీఎం పెద్ద యంత్రాలూ, తర్వాత వచ్చిన మోటరోలా 68000 చిప్పులూ మనం కాగితం మీద రాసే పద్ధతిలోనే పెద్ద స్థానాన్ని ముందు పెట్టాయి. డిజిటల్ సంస్థ 1970లో తెచ్చిన పీడీపీ-11 రెండు బైట్ల సంఖ్యలో చిన్నదాన్ని ముందు పెట్టింది. నాలుగు బైట్ల దశాంశ సంఖ్యకు వచ్చేసరికి పెద్ద సగాన్ని ముందు పెట్టి, ఒక్కో సగం లోపల మళ్ళీ చిన్న బైటును ముందు పెట్టింది. ఆ యంత్రం మీద పుట్టిన యునిక్స్‌ను వేరే వరస యంత్రం మీదికి తరలించినప్పుడు, దాని పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ జంటజంటగా తారుమారై తెర మీద కనబడ్డాయి. ఆ సమస్యకు ఆ తారుమారు పేరే స్థిరపడింది.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సమాచార శాస్త్రాల సంస్థలో పనిచేసే డానీ కోహెన్ ఈ గొడవ మీద ఒక వ్యాసం రాశాడు. దాని మీద వేసిన తేదీ 1980 ఏప్రిల్ 1. మరుసటి ఏడాది అది ఐఈఈఈ వారి కంప్యూటర్ పత్రికలో అచ్చయింది. గుడ్డును ఏ కొస నుంచి పగలగొట్టాలన్న తగాదాతో యుద్ధాలు చేసుకునే స్విఫ్ట్ నవలలోని లిల్లిపుట్ వాసుల నుంచి బిగ్ ఎండియన్ (పెద్ద స్థానం ముందు), లిటిల్ ఎండియన్ (చిన్న స్థానం ముందు) అన్న పేర్లు తెచ్చి రెండు వర్గాలకూ పెట్టింది అతనే. ఏ వరస మంచిదన్నది ముఖ్యం కాదు, అందరూ ఒకదానికి ఒప్పుకోవడమే ముఖ్యం అన్నది అతని తీర్పు. ఇంటర్నెట్ నియమావళి పెద్ద స్థానం ముందు ఉండే వరసను ఎంచుకుంది. 1981 సెప్టెంబర్ నాటి ఆ నియమం ఇవాళ్టికీ నడుస్తోంది. కోహెన్ తీర్పు ఎంత సహేతుకంగా వినబడినా, దాంట్లో సగమే నిజమని నా అభిప్రాయం. ఎందుకంటే ఒప్పందం కుదిరిన చోట కూడా, ఆ ఒప్పందం సంగతి ఎక్కడో వేరే పుస్తకంలో ఉంటుంది. బైట్లకు ఆ పుస్తకం సంగతి తెలియదు.

సంఖ్యను ఏ కొస నుంచి చదవాలన్న ప్రశ్న మన శాసనాలు చదివేవాళ్ళకు కొత్తది కాదు. భూతసంఖ్యల్లో శకవర్షం చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం ముందు వస్తుంది. వేద, బాణ, ఆకాశ, చంద్ర అంటే నాలుగు, అయిదు, సున్నా, ఒకటి. కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే 1054. నోటితో చెప్పేటప్పుడు మాత్రం వెయ్యి యాభై నాలుగు అని పెద్ద స్థానంతోనే మొదలుపెడతాం. ఒకే భాషలో రెండు వరసలూ వందల ఏళ్ళు పక్కపక్కనే నడిచాయి. పైగా సముద్రం అంటే కొన్నిచోట్ల నాలుగు, కొన్నిచోట్ల ఏడు. ఇన్ని సందిగ్ధాలున్నా శాసనాల కాలం నిర్ణయించగలుగుతున్నామంటే, చాలా శాసనాలు వర్షసంఖ్యతో ఆగకుండా సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం కూడా చెక్కడమే కారణం. అరవై ఏళ్ళ చక్రంలో ఆ సంవత్సరం పేరుతో, వారంతో సరిచూస్తే ఏ చదువు సరైనదో తేలిపోతుంది. అంటే సంఖ్యను సరిగ్గా చదవడానికి కావలసిన ఆధారం సంఖ్య పక్కనే, అదే రాయి మీద ఉంది. అందరూ ఒకే వరసకు కట్టుబడాలన్న ఒప్పందం లేకుండానే పని జరిగింది.

కంప్యూటర్లలోనూ ఈ రెండు దారులూ పక్కపక్కనే పరీక్షకు నిలిచాయి. సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చి, 1987 జూన్‌లో ఇంటర్నెట్ పత్రంగా వెలువడిన ఎక్స్‌డీఆర్ కోహెన్ దారి పట్టింది: ఎవరి యంత్రం ఎలాంటిదైనా బయటికి పంపేటప్పుడు నాలుగేసి బైట్ల కట్టలుగా, పెద్ద స్థానం ముందు ఉండేలా పంపాలి. రెండు లిటిల్ ఎండియన్ యంత్రాలు మాట్లాడుకుంటే పంపేది ఒకసారి తిప్పాలి, అందుకునేది మళ్ళీ తిప్పాలి. రెండు పనులూ వృథా. పూర్ణాంకమా దశాంశమా అన్న సంగతి ఎక్స్‌డీఆర్ బైట్లలోనూ ఉండదు, అది రెండు వైపులవాళ్ళకూ ముందే తెలిసి ఉండాలి. 1986లో ఆల్డస్ సంస్థ తెచ్చిన టిఫ్ బొమ్మల ఫార్మాట్ ఇంకో దారి పట్టింది. ఫైలు మొదటి రెండు బైట్లలో రెండు ఐ అక్షరాలుంటే ఇంటెల్ వరస, రెండు ఎం అక్షరాలుంటే మోటరోలా వరస. తర్వాత అదే వరసలో 42 అన్న సంఖ్య, సరిచూసుకోవడానికి. రెండు అక్షరాలూ ఒకటే కాబట్టి వాటిని ఏ కొస నుంచి చదివినా మారవు. ఎవరికి అనువైన వరసలో వాళ్ళు రాసుకోవచ్చు, ఏం రాశారో చెబితే చాలు. అచ్చు పరిశ్రమ నుంచి ఉపగ్రహ చిత్రాల దాకా టిఫ్ ఇంకా వాడుకలో ఉంది.

తెలుగు అక్షరాలకూ ఇదే గండం వచ్చింది. యూనికోడ్‌లో అ అక్షరం సంఖ్య 3077. రెండు బైట్లలో రాస్తే 12, 5. వాటిని తిరగేసి చదివితే 1292, అంటే రష్యా ఉత్తర ప్రాంతపు కోమి భాష కోసం సిరిలిక్ లిపిలో చేర్చిన ఒక అక్షరం. యంత్రం ఎలాంటి హెచ్చరికా లేకుండా దాన్నే చూపిస్తుంది. అందుకే యూనికోడ్ ఫైలు మొదట్లో 65,279 అనే గుర్తు పెట్టే పద్ధతి ఏర్పడింది. దాన్ని తిరగేస్తే వచ్చే 65,534ను ఏ అక్షరానికీ ఎప్పటికీ ఇవ్వబోమని నియమం చేశారు. అలా తిరగబడితే వెంటనే తెలిసిపోతుంది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఖగోళ శాస్త్రజ్ఞుల పని. 1970ల చివరికల్లా రేడియో దూరదర్శినులూ ఆప్టికల్ దూరదర్శినులూ ఆకాశాన్ని సంఖ్యల పట్టికలుగా రాయడం మొదలుపెట్టాయి. ఒకరి పట్టిక ఇంకొకరికి కావాలి. అరిజోనాలోని కిట్ పీక్ వేధశాలలో 60 బిట్ల వర్డుతో సీడీసీ యంత్రం, అమెరికా జాతీయ రేడియో ఖగోళ కేంద్రంలో 32 బిట్ల ఐబీఎం 360. 1979లో కిట్ పీక్ తరఫున డాన్ వెల్స్, రేడియో కేంద్రం తరఫున ఎరిక్ గ్రైసన్ కూర్చుని ఒక పద్ధతి అనుకున్నారు. నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ రేడియో దూరదర్శిని వైపు నుంచి రాన్ హార్టెన్ కలిశాడు. 1981లో ఆ ముగ్గురి పేరుతో వెలువడిన పత్రమే ఫిట్స్ ఫార్మాట్‌కు పునాది. మరుసటి ఏడాది అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దాన్ని ఆమోదించింది. ఫైలును 2,880 బైట్ల కట్టలుగా విడగొట్టాలన్నారు. ఆ సంఖ్య ఊరికే పుట్టలేదు. 2,880 బైట్లంటే 23,040 బిట్లు. దాన్ని 8, 12, 16, 18, 24, 32, 36, 48, 60, 64 దేనితో భాగించినా శేషం మిగలదు. అప్పటి ఏ యంత్రపు వర్డులోకైనా కట్ట నిండుగా సరిపోతుంది. ఎవరి యంత్రాన్నీ ఎవరూ మార్చుకోనక్కర్లేదు.

అంతకన్నా దూరదృష్టి ఆ కట్టల్లో మొదటిదాన్ని వాడిన తీరులో కనబడుతుంది. అందులో సంఖ్యలుండవు, అక్షరాలుంటాయి. పంచ్ కార్డు వెడల్పును గుర్తుకు తెచ్చే 80 అక్షరాల వాక్యాలు, కట్టకు 36. ఒక్కో సంఖ్యకు ఎన్ని బిట్లో ఒక వాక్యం, పట్టికకు ఎన్ని అక్షాలో ఒకటి, ఒక్కో అక్షం పొడవెంతో ఒక్కోటి, తర్వాత ఏ దూరదర్శిని, ఏ రాత్రి, ఏ నక్షత్రం. దశాంశ సంఖ్యలకు యంత్రానికో రూపం ఉన్న రోజులవి కాబట్టి మొదట్లో వాటిని అనుమతించనే లేదు. పూర్ణాంకాలు రాసి, వాటిని దేనితో గుణించి ఏది కలిపితే అసలు విలువ వస్తుందో హెడర్ అనే ఈ మొదటి కట్టలో అక్షరాల్లో చెప్పమన్నారు. అందరికీ ఒకే దశాంశ రూపం స్థిరపడ్డాకే దాన్ని చేర్చుకున్నారు. బిట్ల సంఖ్యకు ముందు మైనస్ గుర్తు పెడితే దశాంశమని అర్థం. ఒకప్పుడు చెల్లిన ఫిట్స్ ఫైలు ఎప్పటికీ చెల్లాలన్నది వాళ్ళు విడవని నియమం. అందుకే 1980ల నాటి ఫైలును ఇవాళ్టి ప్రోగ్రాం చదువుతుంది. హబుల్, జేమ్స్ వెబ్ దూరదర్శినుల చిత్రాలు ఫిట్స్‌లోనే వస్తాయి. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్ సమాచారమూ అందులోనే వస్తుంది. రాసిన సీడీసీ యంత్రాలు ఎప్పుడో తుక్కయిపోయినా వాటి బైట్లు బతికాయంటే ఆ మొదటి కట్ట పుణ్యమే.

చమురు వెతికే వాళ్ళ అనుభవం దీనికి ఇంకో పార్శ్వం. భూమిలోకి తరంగాలు పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనులను రాసుకునే సర్వేలకు 1975లో సెగ్-వై అనే టేపు ఫార్మాట్ ఏర్పడింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోనైనా ఉత్తర సముద్రంలోనైనా ఆ రంగంలో అందరికీ తెలిసిన ఫార్మాట్ అది. ముందు 3,200 అక్షరాల వర్ణన, తర్వాత 400 బైట్లలో సంఖ్యల రకం వగైరా. అప్పటి లెక్క ప్రకారం దశాంశాలు ఐబీఎం రూపంలో, అంటే పదహారు ఆధారంగా ఉండేవి. పదేళ్ళ తర్వాత, 1985లో, బర్క్‌లీ ఆచార్యుడు విలియం కహాన్ కృషి ప్రధానంగా ఉన్న ఐఈఈఈ 754 ప్రమాణం వచ్చింది. 1980 నాటి ఇంటెల్ 8087 చిప్ అప్పటికే దానికి దగ్గరి రూపాన్ని చూపించింది. కొద్ది ఏళ్ళలో కొత్త యంత్రాల్లో ఎక్కువభాగం అటు మళ్ళాయి. సెగ్-వై నియమాల్లోకి కొత్త రూపం అధికారికంగా చేరింది 2002లో. ఈలోగా కొత్త రూపంలో సంఖ్యలు రాసి, హెడర్లో మాత్రం పాత ఐబీఎం గుర్తునే ఉంచేసిన ఫైళ్ళు పుట్టాయి. ఇలాంటి ఫైలులో ప్రమాదమేమిటంటే, చదివితే చెత్త కనబడదు. ప్లస్‌లు ప్లస్‌లుగానే, మైనస్‌లు మైనస్‌లుగానే ఉంటాయి; పెద్దవి పెద్దవిగా, చిన్నవి చిన్నవిగా ఇంచుమించు నిలుస్తాయి. 1 ఉండాల్సిన చోట 0.03125 కనబడుతుంది. పొరల బొమ్మ తెర మీద నమ్మదగినట్టే ఉంటుంది, ప్రతిధ్వనుల బలం మాత్రం తప్పు. వివరం రాయడం ఎంత అవసరమో, నిజం రాయడం అంతకన్నా అవసరమని ఒప్పుకుంటాను. అయితే ఇది వివరం అనవసరమనే వాదనకు బలం కాదు. గుర్తు పెట్టే చోటంటూ ఉండబట్టే, గుర్తు తప్పని ఎప్పటికైనా పట్టుకోగలిగారు.

ఆకారం సంగతి తక్కువ మాటల్లో చెప్పవచ్చు. 1957లో ఐబీఎం 704 కోసం వచ్చిన ఫోర్‌ట్రాన్ పట్టికను నిలువు వరసల వెంబడి మెమరీలో పేరుస్తుంది. 1970ల్లో వచ్చిన సీ భాష అడ్డు వరసల వెంబడి పేరుస్తుంది. ఒకదాని బైట్లను ఇంకోదానిలో ఎత్తితే, ప్రతి సంఖ్యా సరైనదే, ఉండే చోటే తప్పు. ఉపగ్రహ చిత్రాల్లో ఇదే ప్రశ్న ఇంకో కోణంతో వస్తుంది. షాద్‌నగర్ కేంద్రానికి దిగే చిత్రమైనా, ప్రపంచంలో ఇంకెక్కడిదైనా, ఎరుపు, ఆకుపచ్చ, పరారుణం లాంటి పట్టీలుగా ఉంటుంది. ఒక పట్టీ మొత్తం రాసి తర్వాతిది రాయవచ్చు, ఒక్కో గీతకు అన్ని పట్టీలూ రాయవచ్చు, ఒక్కో బిందువుకూ రాయవచ్చు. ముడి ఫైలు ఒక్కటే చేతికొస్తే, మూడింటిలో ఏదో తేల్చడానికి బొమ్మ గీసి కంటితో చూడటమే మార్గం.

ఇక పైథాన్ భాష దగ్గరికి వద్దాం, ఇవాళ ఎక్కువమంది ఈ పని చేసేది అక్కడే కాబట్టి. 1995లో జిమ్ హ్యూగునిన్ మొదలుపెట్టిన న్యూమరిక్ అనే లైబ్రరీ, దాని వారసత్వంగా ట్రావిస్ ఒలిఫాంట్ 2005-06లో నిలబెట్టిన నమ్‌పై, రెండింట్లోనూ అరేను బైట్లుగా ఇచ్చే సదుపాయం ఉంది. దాని పాత పేరు టుస్ట్రింగ్. పాత పైథాన్‌లో అక్షరాలకూ బైట్లకూ తేడా లేని రోజుల మిగులు. 2008 డిసెంబర్‌లో పైథాన్ 3 ఆ రెండింటినీ విడదీశాక, 2014లో నమ్‌పై టుబైట్స్ అన్న పేరు చేర్చింది. దానికి తిరుగుదారి ఫ్రమ్‌బఫర్. ఇక్కడ చరిత్ర మొత్తం చిన్న పరిమాణంలో మళ్ళీ జరుగుతుంది. ఎనిమిదేసి బైట్ల పూర్ణాంకాలు 1, 2, 3 ఉన్న పట్టికను టుబైట్స్‌తో పంపి, రకం చెప్పకుండా ఫ్రమ్‌బఫర్‌తో వెనక్కి తెస్తే, అది దశాంశాలని ఊహించుకుంటుంది. వచ్చేవి దాదాపు సున్నాలు, దశాంశ బిందువు తర్వాత మూడు వందలకు పైగా సున్నాలుండే విలువలు. తప్పని చెప్పే సందేశమేదీ రాదు. అడ్డు నిలువుల ఆకారం పోయి ఒకే బారు వరస మిగులుతుంది. 2024లో నమ్‌పై 2.0 వచ్చేదాకా, రకం చెప్పకుండా చేసిన పూర్ణాంకాల పట్టిక విండోస్‌లో సంఖ్యకు నాలుగు బైట్లు, 64 బిట్ల లినక్స్‌లో ఎనిమిది బైట్లు తీసుకునేది. ఒకే ప్రోగ్రాం, రెండు యంత్రాలూ ఇంటెల్ చిప్పులే, ఫైళ్ళు వేరు.

దీనికి విరుగుడు కూడా నమ్‌పై లోనే పుట్టింది. 2007లో రాబర్ట్ కెర్న్ ఎన్‌పీవై అనే ఫైలు ఫార్మాట్‌ను ప్రతిపాదించాడు. ముందు గుర్తింపు బైట్లు, తర్వాత సాదా అక్షరాల్లో మూడే సంగతులు: సంఖ్యల రకమూ బైట్ల వరసా, పేర్పు ఫోర్‌ట్రాన్‌దా కాదా, ఆకారం. ఆ తర్వాత ముడి బైట్లు. ప్రతిపాదనలో అతను పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం: పత్రాలు పెద్దగా లేకపోయినా, సమర్థుడైన ప్రోగ్రామరు ఫైలును చూసి దాన్ని చదివే పద్ధతి తనకు నచ్చిన భాషలో రాసుకోగలగాలి. రాసిన ప్రోగ్రాం కన్నా సంఖ్యలు ఎక్కువకాలం బతుకుతాయని తెలిసిన మనిషి ఆలోచన అది. తెలియకపోతే ఏమవుతుందో వైకింగ్ నౌకల కథ చెబుతుంది. 1976లో అంగారకుడి మీద దిగిన ఆ నౌకల జీవ పరీక్షల ఫలితాలను దాదాపు పాతికేళ్ళ తర్వాత పరిశీలిద్దామని శాస్త్రజ్ఞుడు జోసెఫ్ మిల్లర్ నాసాను అడిగితే, టేపుల మీది ఫార్మాట్ తెలిసినవాళ్ళు లేకుండా పోయారని తేలింది. చివరికి పరీక్ష చేసిన శాస్త్రజ్ఞులు దాచుకున్న కాగితపు ప్రతుల నుంచి సంఖ్యలు తీసుకోవాల్సి వచ్చింది.

కాగితమే కాపాడింది కదా, అలాంటప్పుడు సంఖ్యలన్నిటినీ అక్షరాల్లోనే రాస్తే పోలేదా అని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. కొద్ది వేల సంఖ్యలైతే అలాగే రాయాలి. ఎనిమిది బైట్ల దశాంశ సంఖ్య చెక్కుచెదరకుండా తిరిగి రావాలంటే 17 అంకెల దాకా రాయాలి. బిందువు, గుర్తు, ఘాతం కలిస్తే ఇరవైకి పైగా బైట్లు. ప్రతి సంఖ్యనూ అంకెల్లోకీ, మళ్ళీ వెనక్కీ మార్చే శ్రమ అదనం. తొందరపడి ఆరేడు అంకెలతో ఆపేసిన ఫైళ్ళు ఎన్నో. అక్కడ పోయిన అంకెలు మళ్ళీ రావు. బిందువుకు బదులు కామా వాడే ఐరోపా దేశాల ఫైళ్ళు తెచ్చే చిక్కులు వేరు. ముఖ్యమైన సంగతేమిటంటే, ఫిట్స్, ఎన్‌పీవై రెండూ ఈ ప్రశ్నకు ఒకే రకంగా జవాబు చెప్పాయి: కొద్దిగా ఉండే వివరం అక్షరాల్లో, కోట్లలో ఉండే సంఖ్యలు బైట్లలో.

ఇంకో వాదన: ఇప్పుడు దాదాపు అన్ని యంత్రాలూ లిటిల్ ఎండియన్, అన్నీ ఐఈఈఈ దశాంశాలే, ఇంకా ఈ భయాలెందుకు? యాపిల్ 2006లో ఇంటెల్‌కు మారడంతో ఇళ్ళలో వాడే కంప్యూటర్లలో రెండో వరస ఇంచుమించు కనుమరుగైన మాట నిజం. కానీ ఐఈఈఈ ప్రమాణం బైట్ల వరసను ఎన్నడూ నిర్దేశించలేదు. ఇంటర్నెట్ హెడర్లూ, ఐబీఎం పెద్ద యంత్రాలూ ఇంకా పాత వరసలోనే ఉన్నాయి. చేతిరాత అంకెల గుర్తింపుకు ప్రపంచమంతా వాడే ఎంనిస్ట్ చిత్రాల ఫైలు మొదటి సంఖ్య 2,051, పెద్ద స్థానం ముందు. మన ల్యాప్‌టాపు తన వరసలో చదివితే 5,08,55,936 అంటుంది. పైగా సంఖ్యల రకాలు తగ్గడం మానేసి పెరుగుతున్నాయి. కృత్రిమ మేధ నమూనాల కోసం పదహారు బిట్ల దశాంశాలు రెండు రకాలు వాడుకలోకి వచ్చాయి: ఒకటి 2008లో ఐఈఈఈ చేర్చింది, ఇంకోటి గూగుల్ నుంచి వచ్చిన బీఫ్లోట్. రెండూ రెండేసి బైట్లే. బీఫ్లోట్‌లో రాసిన 1ని మొదటి రకంగా చదివితే 1.875. సెగ్-వై ఫైళ్ళలో జరిగినట్టే, ఇదీ నమ్మదగిన తప్పు.

మూడో అభ్యంతరం ఆచరణకు సంబంధించింది. ప్రతిసారీ హెడర్ ఎందుకు, ఒకే ప్రోగ్రాంలోని రెండు భాగాలు పక్కపక్కనే పట్టిక పంచుకుంటే ముడి బైట్లు చాలవా? చాలు. అక్కడ వివరం రెండు వైపులా అప్పటికప్పుడే ఉంది, వేగం ముఖ్యం. అయితే ఆ బైట్లను డేటాబేస్‌లోనో డిస్కులోనో పెట్టిన రోజున పరిస్థితి మారిపోతుంది, చాలాసార్లు ప్రోగ్రాం రాసినవాళ్ళు గమనించకుండానే. అలాగని వివరాన్ని మితిమీరి మోయించడమూ ప్రమాదమే. పైథాన్‌లోని పికిల్ పద్ధతి ఏ వస్తువునైనా దాని వివరాలన్నిటితో సహా దాచి తిరిగి ఇస్తుంది. అలా ఇవ్వడంలో ఫైలులోని ఆదేశాలను అమలు చేస్తుంది కూడా. గిట్టనివాళ్ళు తయారు చేసిన ఫైలును తెరిస్తే యంత్రం వాళ్ళ చేతుల్లోకి పోవచ్చు. అందుకే నమ్‌పై 2019లో ఫైళ్ళు తెరిచేటప్పుడు పికిల్‌ను మామూలుగా అనుమతించడం మానేసింది. 2022లో హగ్గింగ్ ఫేస్ సంస్థ తెచ్చిన సేఫ్‌టెన్సర్స్ ఫార్మాట్ చూస్తే, నలభై ఏళ్ళ కిందటి ఫిట్స్ ఆలోచనే మళ్ళీ కనబడుతుంది: ముందు హెడర్ పొడవు, తర్వాత అక్షరాల్లో ప్రతి పట్టిక పేరు, రకం, ఆకారం, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, తర్వాత ముడి బైట్లు. అమలు చేసే ఆదేశం ఒక్కటీ ఉండదు.

సేఫ్‌టెన్సర్స్ రకాల జాబితాలో ఇప్పుడు ఎనిమిది బిట్ల దశాంశాలు కూడా చేరాయి. ఒక్క బైటే కాబట్టి ఏ కొస ముందన్న తగాదాకు అక్కడ తావే లేదు. అయినా 2022లో ఎన్విడియా, ఆర్మ్, ఇంటెల్ కలిసి ప్రతిపాదించినవి రెండు రూపాలు: ఒకదానిలో ఘాతానికి నాలుగు బిట్లు, భిన్నానికి మూడు, రెండోదానిలో ఘాతానికి అయిదు, భిన్నానికి రెండు. 56 అనే బైటు మొదటి రూపంలో 1, రెండో రూపంలో 0.5, మామూలు పూర్ణాంకంగా 56. మూడింటిలో ఏదో తేల్చేది హెడర్లో అక్షరాలతో రాసిన ఆ రకం పేరొక్కటే.